పెద్ద బండికి అంత దాహమెందుకు?

గద్వాల నుంచి వనపర్తికి స్ప్లెండర్ మీద తిరిగే మామయ్యను అడగండి, లీటరుకు అరవై కిలోమీటర్లు అంటాడు. బీచుపల్లి వంతెన మీద గుర్రుమంటూ దాటిపోయే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మాత్రం పాతిక దగ్గరే ఆగిపోతుంది. ఎందుకు?

స్ప్లెండర్‌కు ఒకటే సిలిండర్, 97 సీసీ. ఇంటర్‌సెప్టర్‌కు రెండు, కలిపి 648 సీసీ. పిస్టన్లు, వాల్వులు ఎక్కువైతే రాపిడీ ఎక్కువే. బరువు 200 కిలోలు దాటుతుంది.

అసలు కిటుకు వేరే ఉంది. 47 గుర్రాల బలమున్న ఇంజన్‌ను నాగర్‌కర్నూల్ బజారులో మెల్లగా నడపాలంటే, లోపలికి గాలి వెళ్లే దారిని దాదాపు మూసేయాలి. ఆ సందులోంచి గాలి లాగడానికే పిస్టన్లు బలం ఖర్చుపెడతాయి. సన్న స్ట్రాతో చిక్కటి లస్సీ పీల్చి చూడండి, బుగ్గలు నొప్పెడతాయి! పోనీ, హైవే ఎక్కి దౌడు తీయిద్దామా? వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలు.

1980లలో వచ్చిన రాజ్‌దూత్ 350 ఇంకా ఘోరం. రెండు సిలిండర్లు, పైగా టూ-స్ట్రోక్: కొంత పెట్రోలు కాలకుండానే పొగగొట్టంలోంచి జారిపోయేది.

మీ ఇంటి బండి సంగతి తేల్చాలంటే ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాసుకోండి. మళ్లీ నింపినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి.