పిల్లి వైరు కొరికితే ముప్పు ఇంటిల్లిపాదికీ

ఆలంపూర్ ఎండల సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మార్చి నెల వచ్చిందంటే తుంగభద్ర ఒడ్డున రాళ్ళు కాలుతూ వుంటాయి. ఇంటింటా కూలర్లు బయటికి వస్తాయి. అటువంటి ఒక మధ్యాహ్నం ఎనిమిదేళ్ళ పాపను తండ్రీ, అవ్వా ఆసుపత్రికి తీసుకువచ్చారు. పాప కుడిచేతి వేళ్ళ మీద తెల్లగా కాలిన మచ్చలున్నాయి. భయంతో వణుకుతున్నది గాని స్పృహలోనే వుంది.

జరిగినది ఇది. వాళ్ళింట్లో వేరుశనగ బస్తాలుంటాయి. ఎలుకల బాధ పడలేక నాలుగు నెలల పిల్లికూనను తెచ్చి పెంచుతున్నారు. అది చల్లదనానికి కూలరు పక్కన పడుకుని, ఊసుపోక వైరు కొరికింది. కరెంటు కొట్టి గిలగిల కొట్టుకుంటున్న కూనను చూసి పాప పరుగున వెళ్ళి పట్టుకుంది. కాళ్ళ కింద కూలరు కారిన నీళ్ళు. పట్టిన చెయ్యి వదలలేకపోయింది.

"పిల్లను గుంజుదామని చెయ్యి చాపిన సారూ. పొలంకాడ మోటరు దగ్గర మా ఆయన ఎప్పుడూ చెప్పే మాట యాదికొచ్చింది. ముందుగాల మెయిన్ బంద్ జేసిన" అన్నది అవ్వ.

ఆ ఒక్క పని ఇద్దరి ప్రాణాలు కాపాడింది. పాపకు ఇ.సి.జి. తీసి, ఒక రాత్రి ఆసుపత్రిలో వుంచి, మర్నాడు పంపించాము. పిల్లికూన కూడా లేచి తిరిగిందట. బాగానే వుందనుకున్నారు. కాని తెల్లవారేసరికి ఆయాసపడి చనిపోయింది.

నెల తరువాత అవ్వ మళ్ళీ వచ్చింది. "మనుమరాలు ఇంకో పిల్లి కావాలంటున్నది. ఎలుకలు కూడా ఆగుతలేవు. ఏం జెయ్యాలె సారూ?" అని అడిగింది. ఆమెకు చెప్పినవే ఇక్కడ అందరికోసం రాస్తున్నాను.

పిల్లి వైరు ఎందుకు కొరుకుతుంది?

మూడు నెలల నుంచి ఆరు నెలల వయసులో పిల్లికి పాలపళ్ళు వూడి అసలు పళ్ళు వస్తాయి. చిగుళ్ళు దురద పెడతాయి. మెత్తగా, సన్నగా వున్న వైరు అప్పుడు దానికి మంచి ఆటవస్తువు. పెద్ద పిల్లి కొరుకుతున్నదంటే కారణాలు వేరు. ఆకలి, ఒంటరితనం, తల్లి పాలు త్వరగా మానిపించటం, చిగుళ్ళ జబ్బు — వీటిలో ఏదైనా కావచ్చు. ఉన్నట్టుండి ఈ అలవాటు మొదలైతే పశువుల డాక్టరుకు చూపించాలి.

ఒక్కొక్కప్పుడు నేరం పిల్లిది కాదు, ఎలుకది. ఎలుక ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి. అందుకని అది దొరికినదల్లా కొరుకుతుంది. వైరు మీద ఉలితో చెక్కినట్టు గాట్లు, దగ్గరలో పెంటికలు కనిపిస్తే అది ఎలుక పని. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటే పిల్లి పని.

ప్రమాదం ఎంత?

మన ఇళ్ళలో వచ్చే కరెంటు 230 వోల్టులు. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు చేతి గుండా పోతే కండరాలు బిగుసుకుని, పట్టినదాన్ని వదలటం కష్టమవుతుంది. 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు వెలగటానికే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే ప్రాణం తీయటానికి పెద్ద కరెంటు అక్కరలేదన్నమాట.

అన్ని వైర్లూ ఒకటి కావు. సెల్‌ఫోను చార్జరు నుంచి ఫోనుకు వచ్చే తీగలో 5 మొదలు 20 వోల్టులే వుంటాయి. అక్కడ షాకు భయం తక్కువ గాని, మింగిన ముక్కలు పిల్లి పేగులో అడ్డం పడవచ్చు. కూలరు, టేబుల్ ఫాను, మిక్సీ, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె వైర్లలో పూర్తి 230 వోల్టులుంటాయి.

అన్నిటికంటె ప్రమాదమైనది ఇనుప బాడీ కూలరు. పిల్లి కొరికిన చోట బయటపడిన తీగ కూలరు బాడీకి తగిలితే, ఎర్తు సరిగా లేని ఇంట్లో కూలరు మొత్తానికి కరెంటు పాకుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద ఊళ్ళోకి వచ్చినప్పుడు, నీళ్ళలో నిలబడి స్విచ్చి ముట్టుకోకూడదని ఒకరికొకరు చెప్పుకున్నాము. కూలరు కింది చారెడు నీళ్ళకు కూడా అదే నియమమని మరిచిపోతాము.

అలవాటు మాన్పించటం ఎలా?

పిల్లిని కొట్టవద్దు. కొడితే మీరు లేనప్పుడు కొరకటం నేర్చుకుంటుంది, అంతే. చప్పట్లు చరిచి దృష్టి మళ్ళించి, కొరకటానికి మరొకటి ఇవ్వండి. పాతగుడ్డ గట్టిగా ముడివేసినది చాలు. దారపు పోగులు మాత్రం మింగకుండా చూడాలి. కుండీలో గరిక పెంచితే పిల్లి ఇష్టంగా కొరుకుతుంది. పొద్దున, సాయంత్రం పది నిమిషాలు ఆడిస్తే చాలావరకు ఆ వుబలాటం తీరిపోతుంది.

పాలన్నం ఒక్కటే పిల్లికి చాలదు. అది మాంసాహారి. చేప, కోడిమాంసం, గుడ్డు వండి పెట్టండి. ముళ్ళూ ఎముకలూ తీసివేయాలి.

వైరుకు కవచం తొడగటం అన్నిటికంటె నమ్మకమైన ఉపాయం. పాత నీళ్ళ పైపును పొడుగునా చీల్చి వైరు మీద తొడిగితే ఖర్చు లేని రక్ష. లేదా ప్లాస్టిక్ కేసింగులో పెట్టి గోడకు కొట్టించండి. వాడనప్పుడు స్విచ్చి ఆపటమే గాక ప్లగ్గు కూడా తీయండి.

నిమ్మ, నారింజ తొక్కల వాసన చాలా పిల్లులకు గిట్టదు. కవచం మీద తొక్క రుద్దవచ్చు. ప్లగ్గు దగ్గర తడి తగలనీయకండి. కారప్పొడి చల్లితే పిల్లి కళ్ళూ, పిల్లల కళ్ళూ మండుతాయి. ఫినాయిలు, కర్పూరం, కలరా ఉండలు, నీలగిరి తైలం పిల్లికి విషాలు. వాడకండి.

కొరికిన వైరుకు టేపు చుట్టి వాడుకోవటం చాలామందికి అలవాటు. అది తప్పు. వైరు మార్పించండి. ఇంటికి ఆర్.సి.సి.బి. అనే రక్షణ స్విచ్చి పెట్టించండి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పడితే అది రెప్పపాటులో సరఫరా ఆపివేస్తుంది. మామూలు ఎమ్.సి.బి., ఫ్యూజు వైరు కాలిపోకుండా కాపాడతాయేగాని మనిషికి షాకు తగలకుండా కాపాడలేవు.

ప్రమాదం జరిగితే

పిల్లినైనా, మనిషినైనా ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది అందుబాటులో లేకపోతే పొడిగా వున్న చోట నిలబడి పొడి కర్రతో వైరును తొలగించండి.

మనిషి స్పృహ తప్పి శ్వాస ఆడకపోతే, 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పి, రొమ్ము మధ్య రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వుంచి రెండు అంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ వుండండి. సహాయం వచ్చేవరకు ఆపవద్దు. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీళ్ళు పోయండి. సిరా, టూత్‌పేస్టు పూయకండి. గాయం చిన్నదిగా కనిపించినా ఆసుపత్రికి రావాలి. పైన చిన్న మచ్చ, లోపల పెద్ద గాయం కరెంటు లక్షణం.

పాకే పిల్లలు కూడా పిల్లిని చూసి వైరు నోట పెడతారు. పెదవి మూల కాలితే అప్పటికి రక్తం రాకపోవచ్చు. 5 నుంచి 14 రోజుల మధ్య పక్కు వూడినప్పుడు ధారగా కారవచ్చు. అప్పుడు పెదవిని లోపలా బయటా వేళ్ళతో గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి పరుగెత్తండి.

షాకు తిన్న పిల్లి తిరుగుతున్నదని మురిసిపోవద్దు. కొన్ని గంటలకో, మర్నాటికో వూపిరితిత్తులలో నీరు చేరవచ్చు. నోటివెంట చొంగ, ఆయాసం, పెదవులపై కాలిన మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఏమీ కనిపించకపోయినా అదే రోజు పశువుల డాక్టరుకు చూపాలి. మన పారాసిటమాల్ బిళ్ళ పిల్లికి ప్రాణాంతకం.

నొప్పితో వున్న పిల్లి పెంచినవారినే కరుస్తుంది. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టండి. ప్రభుత్వాసుపత్రులలో చర్మానికి వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 3, 7, 28 రోజులకు మళ్ళీ వేస్తారు. రక్తం వస్తే సీరం కూడా అవసరం.

ఆ పాప ఇంట్లో ఇప్పుడు కొత్త పిల్లి వుంది. కూలరు వైరు నీళ్ళ పైపులో దూరి గోడ మీదుగా పోతున్నది. మెయిన్ స్విచ్చి ఎక్కడున్నదో పాపకు కూడా చూపించి పెట్టింది అవ్వ. మీ ఇంట్లో అది ఎక్కడున్నదో పిల్లలకు తెలుసా? ఈ సాయంత్రమే చూపించండి. ముందు మెయిన్, తరువాతే చెయ్యి.