చలిమంటకు పుల్లలేరితే నేరమా?

అరకులోయ: పుష్యమాసం వచ్చిందంటే మన్యంలో పొద్దు గుంకేసరికి వాకిట నెగడు రాజుకోవలసిందే. లంబసింగిలో సున్నా డిగ్రీలకు చేరువయ్యే రాత్రులుంటాయి. పలచని దుప్పటితో తెల్లవార్చే ముసలీ ముతకకు, పసిబిడ్డలకు ఆ మంటే ఆధారం. ఆ మంటకు కట్టె అడవి నుంచే రావాలి.

కట్టెపై ఆంక్షలు ఈనాటివి కావు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో పోడుకు, కట్టెకు అడ్డుపడింది. గిరిజనుల ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి పోలీసుస్టేషను మీదికి నడిచింది. స్వరాజ్యం వచ్చాక, 1967 అటవీ చట్టం కూడా రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని, చెట్టు నరకడాన్ని నేరమనే చెప్పింది.

అడవి పలచబడితే నష్టం ముందుగా గిరిజనులకే. మోపు కోసం ఆడవాళ్ల నడక పెరుగుతుంది. పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ చేటే. 2016 నుంచి ఉజ్వల పథకం కింద గ్యాసు ఇస్తున్నారు. అయితే గ్యాసు అన్నం ఉడికిస్తుంది గాని చలి కాచదు గదా!

2006 అటవీ హక్కుల చట్టం వెదురుతో పాటు పొదకట్టెను, మోళ్లను చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. తరతరాలుగా సేకరిస్తున్న వారికి వాటిపై హక్కునిచ్చింది. సామూహిక హక్కుకు దరఖాస్తు గ్రామసభకే ఇవ్వాలి. ఏ కొండన ఎండుపుల్ల ఏరవచ్చో, ఏ చెట్టు జోలికి పోరాదో గ్రామసభలోనే తేల్చుకుంటే అడవీ నిలుస్తుంది, నెగడూ నిలుస్తుంది. చట్టంలోని ఈ మాట మోపు మోసే మనిషి చెవిన పడేలా అధికారులు చూడాలి.