వ్యాయామము – పార్శ్వపు నొప్పి



తలనొప్పి యనగానే శొంఠి యరగదీసి పట్టు వేసుకొని పరుండుట మన పల్లెలలో వాడుక. కాని తరచుగా తలకు ఒక ప్రక్కనే పట్టి, నాడి కొట్టుకొన్నట్లు పోటుపెట్టుచు, వెలుతురును చప్పుడును సహింపనీయక, వాంతి పుట్టించు నొప్పి యొకటి కలదు. అదియే పార్శ్వపు నొప్పి. చికిత్స లేనియెడల 4 గంటలు మొదలు 72 గంటలవరకు బాధించును. కొందరికిది పరుగెత్తిననో బరువెత్తిననో వచ్చును. నేడు వారినిగూర్చియే చెప్పెదను.

మొదట నా తప్పు చెప్పుకొనవలయును. నేను బడిలో కుదిరిన క్రొత్తలో, చెడుగుడు ఆడిన పిమ్మట ఒక బాలుడు కణత పట్టుకొని చెట్టునీడను కూలబడెడివాడు. పాఠము తప్పించుకొనుటకు సాకని తలచి ఒకనాడు వానిని ఎండలో నిలువబెట్టితిని. వాడక్కడనే వాంతి చేసికొనెను. ముప్పదియైదవ యేట, మధ్యాహ్నపుటెండలో సైకిలు త్రొక్కి వచ్చిన నాకే ఆ నొప్పి తగిలెను. అప్పుడుగాని వాని బాధ నాకు తెలియలేదు.

తరువాత మరియొక తప్పు చేసితిని. శ్రమవలన నొప్పి వచ్చుచున్నదని నడకయే మానితిని. నొప్పి తగ్గలేదు సరికదా, నిద్ర చెడి మరింత తరచయ్యెను.

మన పెద్దలు దీనిని అర్ధావభేదకమనిరి. సుశ్రుతసంహిత చెప్పిన 11 శిరోరోగములలో ఇదియొకటి. చరకసంహిత దీని కారణములలో వ్యాయామమును కూడ పేర్కొన్నది. అట్లని ఆయుర్వేదము వ్యాయామమును మానుమనలేదు. బలవంతుడైనను సగము శక్తితోనే చేయవలయునని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను. ఊపిరి నోటికి వచ్చుట సగము శక్తి తీరినదనుటకు గుర్తని సుశ్రుతము. నడచుచు మాటలాడగలిగినంత వేగము చాలునని నేటి వైద్యులనుటయు ఇంచుమించు ఇదియే.

ఈ రోగము గలవారి మెదడు ఆకస్మికమైన మార్పును ఓర్వదు. ఆకలి, దప్పి, నిద్రలేమి, ఎండ, హఠాత్తుగా పడిన శ్రమ, వీనిలో రెండు మూడు కలిసినచో, ముఖమునుండి స్పర్శను మెదడునకు చేర్చు నాడి ఉద్రేకించును. మెదడుపొరల రక్తనాళములచెంత అది కొన్ని రసాయనములను విడుచుటచే పోటు కలుగును. క్రమముగా అలవరచుకొన్న శ్రమ అట్లు కాదు. 2011లో స్వీడను దేశమునుండి వెలువడిన పరిశోధనలో వారమునకు 3 మారులు, మారునకు 40 నిమిషములు వ్యాయామము చేసినవారికిని, నివారణకై మందు పుచ్చుకొన్నవారికిని మేలులో చెప్పదగిన భేదము కానరాలేదు.

వైద్యుడు చెప్పగా నేను మరల నడక మొదలుపెట్టిన విధమిది. ప్రొద్దెక్కకమునుపే బయలుదేరుదును. ముందుగా నీరు త్రాగి కొంచెము తినుదును. మొదటి 10 నిమిషములు మెల్లగా నడచి, పిమ్మట వేగము పెంచి, చివరను మరల తగ్గింతును. వారమునకు కొద్ది నిమిషములే హెచ్చించితిని. నొప్పి వచ్చిన దినమును, ఆనాటి తిండిని, నిద్రను పంచాంగపు అంచున వ్రాసికొందును. బస్తా లెత్తువారు ఊపిరి బిగబట్టరాదు. నొప్పి మొదలైన వెంటనే పని ఆపి చీకటిగదిలో పరుండి, వైద్యుడిచ్చిన మందు పుచ్చుకొనవలయును. అయితే నెలకు 10, 15 దినములు నొప్పిమాత్రలు మ్రింగుచుండినచో ఆ మాత్రలే తలనొప్పికి కారణమగును. జాగ్రత్త! నొప్పి తరచుగా వచ్చువారికి ముందుగానే నివారించు మందులును కలవు. వానిని వైద్యుడే నిర్ణయింపవలయును.

మన యీడువారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఏబదియేండ్లు దాటిన పిమ్మట శ్రమవలన తలనొప్పి మొదటిసారి వచ్చినచో పార్శ్వపు నొప్పియని ఊరకుండక వైద్యునికి చూపుకొనుడు. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చినను, మాట తడబడినను, కాలుసేతులు పట్టుదప్పినను, మెడ బిగిసినను, స్పృహ తప్పినను, రొమ్ము పట్టివేసినను పట్టులు వేయుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి పోవలయును.

పైకి గాయము కానరాని నొప్పిని లోకము త్వరగా నమ్మదు. మీ యింట మనుమడో కోడలో పనినడుమ కణత పట్టుకొని కూర్చున్నచో సాకనకుడు. చెంబెడు నీళ్లిచ్చి నీడను పరుండనిండు. నేనా బాలునికి చేయవలసియుండి చేయనిది అదియే.