వార్తల్లో పదం: సబ్‌పార్ట్ డబ్ల్యూ

అమెరికాలో చమురు, సహజవాయు రంగం ఏటా ఎంత గ్రీన్‌హౌస్ వాయువు వదిలిందో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏకు చెప్పాలి. ఆ లెక్క ఎలా కట్టాలో నిర్దేశించే నిబంధనే ఇది. 2010లో ఖరారైంది. ఏడాదికి 25 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన లేదా అంతకు మించిన వాయువులు వదిలే గ్యాస్ ప్రాసెసింగ్ ప్లాంట్లకు వర్తిస్తుంది.

ప్లాంటులో వాయువు తప్పించుకునే దారులు బోలెడు. ముడి గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌ను అమీన్ ద్రావణంతో తీసేస్తారు. పట్టి భూమిలోకి పంపకపోతే అది గాలిలోకే పోతుంది. కంప్రెసర్ రాడ్ చుట్టూ ఉండే ప్యాకింగ్ అరిగిందంటే మీథేన్ లీకవుతుంది. కంటికి ఆనదు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో మాత్రం పొగలా లేస్తుంది. వాయువును మండించే ఫ్లేర్‌లో కాలకుండా జారిపోయిందీ లెక్కలోకి రావాలి.

అసలు చిక్కు వేరే ఉంది. నివేదికల్లోని చాలా అంకెలు కొలిచినవి కావు. పరికరాల సంఖ్యను సగటు లీకేజీతో హెచ్చవేసినవి. 2024 సవరణలు నేరుగా కొలవడానికి పెద్దపీట వేశాయి. ఇంతలో ప్రభుత్వం మారింది. ఈ రంగం నివేదికలను 2034 దాకా నిలిపేయాలని 2025 సెప్టెంబరులో ఈపీఏ ప్రతిపాదించింది.