ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్‌కి ఇంకో ఎనిమిది వేలు పెట్టవచ్చా?

ల్యాప్‌టాప్ నెమ్మదించగానే ఇంట్లో రెండు మాటలు వినపడతాయి. ‘పాతదైపోయింది, కొత్తది కొనేద్దాం’ అని ఒకరు, ‘నడుస్తోందిగా, ఇంకో ఏడాది లాగుదాం’ అని ఇంకొకరు. ఇద్దరూ వయసు చూసే చెబుతున్నారు. వయసుతో ఈ లెక్క తేలదు. పని ఏ భాగం దగ్గర ఆగుతోందో, దాన్ని మారిస్తే ఇంకెన్ని నెలలు కలిసొస్తాయో చూస్తేనే తేలుతుంది.

రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకుందాం. రెండింటికీ అదే నల్ల డబ్బా, అదే 15.6 అంగుళాల తెర, అదే 1 టీబీ హార్డ్‌డిస్క్. ఒకదానిలో ఇంటెల్ ఐ3-6006యూ ప్రాసెసర్ ఉంది, రెండోదానిలో ఐ5-8250యూ. మొదటిది 2016 చివర్లో, రెండోది 2017 ఆగస్టులో విడుదలయ్యాయి. తేడా ఏడాది కూడా లేదు. అయినా ఈ రోజు వాటి జాతకాలు పూర్తిగా వేరు. ఒక గీత వాటి మధ్యగా పోయింది.

ఆ గీత గీసింది మైక్రోసాఫ్ట్. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. సొంతానికి వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే అదనపు అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. విండోస్ 11కి మారాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయంతో పాటు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో, కొద్ది మినహాయింపులు పోను, అది ఎనిమిదో తరంతో మొదలవుతుంది. ప్రాసెసర్ పేరులో అడ్డగీత తర్వాతి మొదటి ఒకటి రెండు అంకెలు తరాన్ని చెబుతాయి: 8250 అంటే ఎనిమిది, 6006 అంటే ఆరు, 1135 అంటే పదకొండు. ఏఎండీ అయితే అంకె చూసి ఊహించకండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ నడిపితే అవునో కాదో అదే చెప్పేస్తుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ని సాధారణంగా బోర్డుకే సోల్డర్ చేస్తారు కాబట్టి దాన్ని మార్చడం కుదరదు. అందుకే రూపాయి ఖర్చు పెట్టే ముందు ఈ పరీక్ష జరగాలి.

గీతకి ఇవతల ఉన్న ఐ5-8250యూ సంగతి ముందు చూద్దాం. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అవసరమైతే 3.4 గిగాహెర్ట్జ్ దాకా వేగం. వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు, వీడియో కాల్స్‌కి ఇది ఇప్పటికీ బాగానే సరిపోతుంది. మరి ఆన్ చేశాక రెండు మూడు నిమిషాలు ఎందుకు కూర్చోబెడుతోంది?

చాలాసార్లు నేరం హార్డ్‌డిస్క్‌ది. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకి 11.1 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే ముల్లు (హెడ్) కిందికి రావడానికి సగటున అర చుట్టు, 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు కదిలి సరైన వరుసకి చేరడానికి ఇంకో 12 దాకా. మొత్తం 17, 18 మిల్లీసెకన్లు. ఈ లెక్కన సెకనుకి 57 చిన్న ఫైళ్లకి మించి అందవు. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేది వేల చిన్న ఫైళ్లు. హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. ఒక్కో చదువు సుమారు 0.1 మిల్లీసెకనులో అయిపోతుంది. మామూలు శాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి వేలల్లో అందిస్తుంది. పెద్ద ఫైళ్ల కాపీలో తేడా ఐదు రెట్లే (సెకనుకి 100 ఎంబీ, 500 ఎంబీ). చిన్న ఫైళ్లలో వంద రెట్లకి పైనే. రోజువారీ పనిలో మనకి తెలిసేది ఈ రెండో తేడానే.

మీదీ ఇదే జబ్బో కాదో తేల్చుకోవడం తేలిక. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మామూలుగా చేసే పనులే చేస్తూ గమనించండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, ప్రాసెసర్ 20 శాతంలో ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించాల్సిందే. మెమరీ 85 శాతం దాటి అక్కడే ఉంటే ర్యామ్ చాలడం లేదు. ప్రాసెసరే 100లో కూర్చుంటే మొదట ఫ్యాన్‌లో దుమ్ము దులిపించి, కొత్త థర్మల్ పేస్ట్ రాయించండి. వేడి 100 డిగ్రీల దగ్గరికి చేరితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే మీ పని ఆ యంత్రాన్ని మించిపోయింది.

ర్యామ్ విషయంలో ఒక జాగ్రత్త. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు. సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికిస్తారు, పెంచే దారే ఉండదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్ముతూ వచ్చిన మైక్రాన్ ఆ వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి నిరుడు స్నేహితుడు కొన్న ధర పట్టుకుని షాపుకి వెళ్లకండి. ఆ రోజు రేటు అడగండి.

బ్యాటరీకి విండోస్‌లోనే నివేదిక ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’, ఖాళీ, స్లాష్, ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లిషులో కొడితే వస్తుంది. తయారైన రోజు సామర్థ్యం 41,000, ఇప్పుడు నిండేది 20,500 అని చూపిస్తే సగం మిగిలినట్టు. బల్ల మీద ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే యంత్రానికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. కాలేజీకి మోసుకెళ్లేదైతే మార్చాలి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే మాత్రం లెక్కలేవీ వద్దు. వెంటనే ఆఫ్ చేసి, ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసుకి పట్టుకెళ్లండి. అది నిప్పు అంటుకునే వస్తువు.

ఇప్పుడు డబ్బు. కింది ధరలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరి ధరలు వేసుకోండి. ఎస్‌ఎస్‌డీ 4,500, బ్యాటరీ 2,500, శుభ్రం చేసి బిగించినందుకు 1,000. మొత్తం 8,000. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఈ రోజు ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే 4,000 వచ్చేదనుకుంటే, ఉంచుకోవడం వల్ల అదీ వదులుకున్నట్టే. అసలు ఖర్చు 12,000. కొత్తది 48,000 పెట్టి ఆరేళ్లు వాడితే ఏడాదికి 8,000. 12,000ని 8,000తో భాగిస్తే ఏడాదిన్నర. మరమ్మతు చేయించిన ల్యాప్‌టాప్ 18 నెలలు దాటి పనిచేస్తే ఆపైన ప్రతి నెలా లాభమే. మూడేళ్లు నడిస్తే ఏడాదికి 4,000, కొత్తదానిలో సగం.

అదే సూత్రం తిరగేసి చూడండి. మదర్‌బోర్డు పోయి ఇంకో 12,000 అడిగారంటే మొత్తం 24,000. గిట్టుబాటు కావాలంటే మూడేళ్లు నడవాలి. ఎనిమిదేళ్ల యంత్రం మీద, కీళ్లు విరిగి తెర వదులైన యంత్రం మీద ఆ పందెం నేను కాయను. మీరూ కాయవద్దు. కరెంటు ఆదా అవుతుందని కొత్తది కొనడం కూడా నిలబడే వాదన కాదు. 15 వాట్ల తేడా, రోజుకి 6 గంటలు, 300 రోజులు: 27 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా ఏడాదికి 216.

గీతకి అవతల ఉన్న ఐ3-6006యూకి ఈ లెక్క పూర్తిగా వర్తించదు. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించేవాళ్లున్నారు. అలాంటి యంత్రాలకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు లావాదేవీలు జరిగే చోట అది మంచిది కాదు. ట్యాలీ, ఆటోక్యాడ్, ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ అవసరమైతే మార్చేయండి. చదువుకోవడానికి, ఉత్తరాలకి, వీడియోలకి అయితే లైనక్స్ మింట్ ఉచితం. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 ఉంటే సుఖం. దీనికోసం వేయించే ఎస్‌ఎస్‌డీ కూడా వృథా కాదు, రేపు చిన్న కేసులో పెట్టి బయటి డ్రైవ్‌గా వాడుకోవచ్చు.

పని చేయించేది సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, మీ వీధి చివరి సర్వీసు షాపులోనైనా, ముందే ఫొటోలు, కాగితాలు వేరే చోట కాపీ చేసుకోండి. ఎస్‌ఎస్‌డీకి బిల్లు తప్పక అడగండి. మూడు నుంచి ఐదేళ్ల వారంటీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. కొత్తదే కొంటే 8 జీబీతో సరిపెట్టుకోవద్దు. ర్యామ్ అతికించిన మోడలైతే ఆ రోజు మిగుల్చుకున్న డబ్బుని అది నాలుగో ఏడు తిరిగి అడుగుతుంది. 16 తీసుకోండి.

ఇక పాతదాన్ని పాత సామాన్ల వాళ్లకి తూకానికి వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. వాళ్ల సేకరణ కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, డిస్క్ పూర్తిగా చెరిపి, అక్కడే ఇవ్వండి.