అబ్లేషన్ తర్వాత కూడా గుండె లయ ఎందుకు తప్పుతుంది?

క్యాథెటర్ అబ్లేషన్ చేయించుకున్న తర్వాత కూడా కొందరిలో గుండె దడ తిరగబెడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వంటి ప్రాంతంలో ఇది పెద్ద సమస్యే. జగదల్‌పూర్‌కు రాయ్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నం కూడా దాదాపు అంతే దూరం. అంత దూరం వెళ్లి చికిత్స పొందాక దడ మళ్లీ వస్తే, వైద్యం పనిచేయలేదనుకొని మందులు మానేసే అవకాశం ఉంది. అసలు ముప్పు అక్కడే పొంచి ఉంటుంది.

లయ దోషాలన్నీ ఒకటి కావు. ఉన్నట్టుండి వేగం పెరిగి ఆగిపోయే కొన్ని రకాలు ఒకే అబ్లేషన్‌తో నూటికి 95 మందికి పైగా నయమవుతాయి. ఎక్కువగా తిరగబెట్టేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు క్రమం లేకుండా కంపించడం. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే సిరల్లోనే దీన్ని రేపే విద్యుత్ సంకేతాలు అధికంగా పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు వెల్లడించారు. నేటి చికిత్సకు అదే ఆధారం. తొడ సిర గుండా పంపిన సన్నని గొట్టంతో ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కణజాలాన్ని వేడితోనో అతిశీతలంతోనో మచ్చగా మారుస్తారు. మచ్చను దాటి విద్యుత్తు ప్రవహించదు.

ఆ గట్టు ఎల్లవేళలా నిలవదు. కొన్నిచోట్ల కణజాలం పూర్తిగా చనిపోదు. వాపు మాత్రమే వచ్చి తాత్కాలికంగా స్తంభిస్తుంది. వాపు తీయగానే అక్కడ దారి తెరుచుకుంటుంది. దడ తిరగబెట్టడానికి ప్రధాన కారణం ఇదే. అందుకే రెండోసారి అబ్లేషన్‌కు వచ్చినవారిలో వైద్యులు ముందుగా ఈ ఖాళీలనే వెతుకుతారు. కొందరిలో సంకేతాలు మరోచోట పుడతాయి. ఇంకొందరిలో మచ్చల చుట్టూనే విద్యుత్తు సుడి తిరిగి కొత్త రకం దడ మొదలవుతుంది.

అయితే తొలి 2 నెలల్లో వచ్చే దడను వైఫల్యంగా లెక్కించరు. అది మానుతున్న గాయం వల్ల కావచ్చు.

కర్ణిక అప్పటికే సాగి, గట్టిపడి ఉంటే ఫలితం నిలవడం కష్టం. అధిక రక్తపోటు, స్థూలకాయం, నిద్రలో శ్వాస ఆగడం అందుకు దారితీస్తాయి. భారతదేశంలో మరో ముఖ్య కారణం బాల్యంలో సోకిన కీళ్లవాత జ్వరం. అది మిట్రల్ కవాటాన్ని ఇరుకు చేస్తే ఒత్తిడికి కర్ణిక ఉబ్బిపోతుంది. కవాటాన్ని సరిచేయకుండా అబ్లేషన్ ఒక్కటే చేసి ప్రయోజనం తక్కువ. మద్యం సంగతి కూడా చెప్పుకోవాలి. బస్తర్ పండుగల్లో ఇప్పసారా, సల్ఫీ (మన జీలుగు కల్లే) తప్పనిసరి. క్రమం తప్పక తాగేవారు మానేస్తే ఫిబ్రిలేషన్ తిరగబెట్టడం తగ్గుతుందని 2020లో ప్రచురితమైన ఆస్ట్రేలియా అధ్యయనం తేల్చింది.

దడ తగ్గినంత మాత్రాన పక్షవాతం ముప్పు తొలగిపోదు. అబ్లేషన్ తర్వాత కనీసం 2 నెలలు రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడాల్సిందే. ఆపైన కొనసాగించాలా అన్నది దడ ఉందా లేదా అనే దానిపై కాక, రోగి వయసు, మధుమేహం, రక్తపోటు వంటి వాటిపై ఆధారపడుతుంది. కీళ్లవాత జ్వరం వల్ల కవాటం ఇరుకైనవారికి వార్ఫరిన్ తరగతి మందులే మేలు. వాటికి తరచూ రక్తపరీక్ష అవసరం. దడ వచ్చిన వేళ సమీప ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ తీయించుకొని, ఆ కాగితం ఫొటోను చికిత్స చేసిన వైద్యుడికి ఫోన్‌లో పంపినా, తిరిగివచ్చింది పాత దడో కొత్తదో చాలావరకు తెలుస్తుంది.