రైతు నడుము: నొప్పులతో కాలము గడుపు విధము

మన గ్రామములలో నలువది యేండ్లు దాటిన సేద్యగాండ్రలో నడుము నొప్పి గాని, మోకాళ్ల నొప్పి గాని యెరుగనివారు అరుదు. ఎద్దు కుంటినచో మరునాడే పశువైద్యుని పిలిపింతుము. ఇంజను చప్పుడు మారినచో మేస్త్రిని రప్పింతుము. మన నడుము పట్టుకొన్నప్పుడు మాత్రము "వయసు మీదబడినది" అని యూరకుందుము. ఈ పత్రికలో విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు మేము పలుమారులు వ్రాసితిమి. ఆ నారును నాటు నడుమును గూర్చి యొకమారైనను వ్రాయలేదు. ఈ లోపమును మాకు చూపినది యొక వృద్ధురాలు.

కొన్ని సంవత్సరముల క్రిందట డెల్టా గ్రామమొకదానిలో వరుస ఊడ్పుల ప్రదర్శన జరిపితిమి. ముఠా స్త్రీలు తాడు వెంబడి నాటుచుండగా మేము గట్టుమీద నిలిచి ఉపన్యసించితిమి. చేను పడిపోకుండుటకు యూరియా మితముగా వేయవలెనని చెప్పి ముగించునంతలో ఆ ముఠాలో పెద్దామె తల యెత్తి, "బాబూ, చేను పడిపోకుండ చెప్పినారు. మా నడుములు పడిపోకుండ చెప్పుటకేమైన నున్నదా?" అని యడిగెను. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని మా వద్ద జవాబు లేదు. సాయంకాలము ఆమె గట్టెక్కుటకు రెండు చేతులను మోకాళ్లపై నూని, మరియొకరి చేయూతతో మెల్లగా నిలుచుట చూచితిమి.

ఆ యేడే ఎరువు బస్తా దింపుచుండగా మా నడుమును పట్టుకొన్నది. పది దినములు మంచము పట్టితిమి. లేచునప్పటికి నొప్పి తగ్గకపోగా బిగువు హెచ్చెను. నాటినుండి వైద్యులనడిగి, చదివి తెలిసికొని, మా శరీరముమీదనే పరీక్షించి చూచినదానిని సభ్యుల ముందుంచుచున్నాము.

నొప్పికి కారణము

గునపముతో రాయి పెకలించుట మీరెరిగినదే. పొడవైన కొన చేతనున్నచో కొద్ది బలమే పెద్ద రాతిని కదలించును. వంగి బరువెత్తునప్పుడు ఈ న్యాయమే మనకు ప్రతికూలమగును. పొడవైన కొనయందు బస్తాయు, పొట్టి కొనయందు నడుము కండరములును ఉండును. కావున ఆ కండరములు బస్తా బరువునకు అనేక రెట్ల బలముతో లాగవలసివచ్చును. ఆ యొత్తిడి వెన్నుపూసల నడుమ మెత్తలవలె నున్న బిళ్లలపై బడును. బస్తాను పొట్టకానించి పట్టినచో ఆ కొన పొట్టిదై భారము తగ్గును. మిషను పాఠశాలలో మాచేత బల్లలు మోయించునప్పుడు డ్రిల్లు ఉపాధ్యాయుడు, "మోకాళ్లు వంచుడు, చంటిబిడ్డ నెత్తినట్లు రొమ్మున కానించి లేపుడు" అని చెప్పుచుండెడివారు. నాడది శిక్ష యనుకొంటిమి. బస్తా దింపిన నాడు ఆ మాట జ్ఞాపకమునకు రాకపోయెను.

బరువే లేకున్నను గంటలకొలది వంగియుండుటయు అంతటి హానినే చేయును. ఊడ్పులు, కలుపుతీత, పచ్చిమిరప కోత యిట్టి పనులే. ట్రాక్టరు నడుపువారికి వంగుట లేకున్నను కుదుపులు కలవు.

ఈ బాధ మన యొక్కరిది కాదు. 2020లో ప్రపంచమున 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో నుండిరని లెక్క తేలినది. వారిలో నూటికి సుమారు 90 మందికి ఫలాని యెముక చెడినదని గాని, ఫలాని వ్యాధి యని గాని నిర్ణయింప వీలుకాదు. అనగా నొప్పి కల్ల యని కాదు. నడుము విరిగిపోయినదని భయపడ పనిలేదని యర్థము.

మంచము మందు కాదు

పూర్వము నడుము నొప్పికి వారముల తరబడి పడుకొనుమని వైద్యులే చెప్పెడివారు. ఇప్పుడు ఆ మతము మారినది. తీవ్రమైన నొప్పి యున్న యొకటి రెండు దినములకంటె హెచ్చుగా పడుకొన్నచో కండరములు క్షీణించి బిగువు పెరుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి సూత్రములు వెలువరించినది. వ్యాయామమును, రోగికి తన వ్యాధిని గూర్చి తెలియజెప్పుటను అందు సిఫారసు చేసినది. నడుము పట్టీలను, బరువులు కట్టి లాగించుటను వాడుకగా చేయవలదన్నది.

మేము ప్రతిదినము చేయునది యిది. ఉదయము లేచునప్పుడు ప్రక్కకు తిరిగి, చేతి యూతతో లేతుము. రాత్రి విశ్రాంతిచే వెన్నుబిళ్లలు నీరు పీల్చి యుబ్బియుండును గనుక, మొదటి గంటలో వంగి బరువెత్తము. అరగంట నడతుము. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పిరుదులను పైకెత్తి అయిదు లెక్కించునంతసేపు నిలిపి దింపుదుము, ఇట్లు పదిమార్లు. మోకాళ్లకై అరుగుమీద కూర్చుండి, ఒక కాలిని చాచి అంతేసేపు నిలుపుదుము. ఇదియు కాలికి పదిమార్లు. వ్యాయామమున కొద్దిగా నొప్పి కలిగినను భయము లేదు. మరునాటివరకు హెచ్చుగా నున్నచో లెక్క తగ్గింపవలెను. రాత్రి ఇసుక మూటతో గాని ఉప్పు మూటతో గాని కాపడము పెట్టుకొన్న సుఖముగా నుండును.

పనిలో మితము

మనలో చాలమంది నొప్పి లేని నాడు రెండు దినముల పని యొకటిగా చేసి, పిదప మూడు దినములు మూల్గుదురు. కాలువ నీటిని వంతులవారిగా వాడుకొనుట యెరిగిన రైతునకు తన బలమును వంతువేసికొనుట కష్టము కాదు. అరగంట వంగినచో రెండు నిమిషములు నిలిచి, చేతులు నడుముపై నుంచి వెనుకకు వాలవలెను. ముఠాలో నారు తీయువారు, కట్టలు మోయువారు, నాటువారు పూటకొకమారు పని మార్చుకొనవలెను. 16 లీటర్ల స్ప్రేయరును నిండుగా నింపక పదింటితో సరిపెట్టుకొని, రెండు భుజములకును పట్టీలు తగిలించుకొనవలెను. మోకాళ్ల నొప్పి గలవారు పాలు పితుకుటకు పీటయు, మరుగుదొడ్డిలో కుర్చీవంటి యాసనమును ఏర్పరచుకొనవలెను. మిరపకాయలు ఏరుట నేలమీద గాక నడుమెత్తు బల్లమీద చేసికొనవలెను.

పొడవైన పిడి

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కూరగాయల తోటలలో కూలీలకు మూరెడు పిడిగల పార నిచ్చి దినమంతయు వంగి కలుపు తీయించెడివారు. పొడవు పిడి నిచ్చినచో మొక్కలు తెగునని యజమానులు వాదించిరి. వైద్యులు కూలీల వెన్నుల దుస్థితికి సాక్ష్యమిచ్చిరి. 1975లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము కూలీల పక్షమున తీర్పు చెప్పగా, ఆ పార నిషేధింపబడెను. నాటినుండి పొడవు పిడితోనే ఆ తోటలు సాగుచున్నవి.

మన యొద్ద చట్టము కొరకు వేచియుండ పనిలేదు. మెట్ట చేలలో కలుపు పారకు రొమ్మెత్తు కర్ర బిగించుట వడ్రంగికి పూటపని. మాగాణిలో 25 సెంటీమీటర్ల దూరమున వరుసగా నాటినచో కోనోవీడరు నిలువుగా నిలిచి నడుపవచ్చును. డ్రమ్ సీడరుతో విత్తినచో ఊడ్పులే యుండవు.

బస్తాల మాటయు చెప్పవలెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము పురుషుడొక్కడు మోయదగిన గరిష్ఠ భారము 55 కిలోలు. స్త్రీలకు అంతకంటె చాల తక్కువ. మన ధాన్యపు బస్తా వాడుకగా 75 కిలోలు. యూరియా బస్తా 2018లో 50 నుండి 45 కిలోలకు తగ్గినది. ధాన్యపు బస్తా తగ్గుట మన చేతిలోని పని.

వైద్యునొద్దకు వెళ్లవలసిన గుర్తులు

నొప్పితోపాటు మలమూత్రములపై స్వాధీనము తప్పినను, తొడల నడుమ తిమ్మిరి పుట్టినను, కాలిలో బలము తగ్గినను ఆ దినమే ఆసుపత్రికి వెళ్లవలెను. జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళ హెచ్చు నొప్పి కలవారు క్షయకై పరీక్షింపించుకొనవలెను. క్షయ వెన్నెముకకును సోకును. పశువులలో ఈసుకుపోవు రోగమైన బ్రూసెల్లోసిస్ మనుష్యులకు సోకినచో వచ్చి పోవు జ్వరమును, నడుము కీళ్ల నొప్పులును కలుగును. కావున పచ్చిపాలు త్రాగరాదు. ఈసుకుపోయిన దూడను, మావిని వట్టి చేతులతో ముట్టరాదు. ఉదయమున వ్రేళ్లకీళ్లు రెండు చేతులందును వాచి, గంటకు మించి బిగిసియున్నచో అది కీళ్లవాతము కావచ్చును. తొలినాళ్లలో చికిత్స జరిగిననే చేతులు వంకర పోకుండును.

నల్లగొండ, ప్రకాశము జిల్లాల సభ్యులు మరియొకటి గమనింపవలెను. బోరు నీటిలో ఫ్లోరైడు హెచ్చైనచో మెడయు నడుమును కర్రవలె బిగియును. పొదిలి, దర్శి ప్రాంతముల యీ వ్యాధిని గూర్చి 1937లోనే వైద్య పత్రికలలో ప్రకటించిరి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపలనుండుట మేలు, ఒకటిన్నర మించరాదు. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీటిని పరీక్షింపించుటయే మార్గము.

కోతల కాలమున సూదిమందు పొడిపించుకొని చేనిలో దిగువారు పెక్కురు. నొప్పి మాత్రలు దినదినము వాడినచో కడుపులో పుండును, మూత్రపిండములకు చెరుపును కలుగవచ్చును. రక్తపోటు, మధుమేహము గలవారికి ఇది మరింత ప్రమాదము. పేరులేని పొట్లములలో స్టెరాయిడు కలిపియుండవచ్చును. మొదటి దినముననే నొప్పి మాయమైనదని సంతోషించువారు సంవత్సరము గడచిన పిదప ఎముకలు గుల్లయై విచారింతురు.

సంఘము చేయదగినది

గత యేడు ఆ గ్రామమునకు కోనోవీడర్లతో మరల వెళ్లితిమి. పెద్దామె యంత్రమును త్రోసి చూచి, "ఇది వచ్చినచో మా కూలి పోదా బాబూ?" అని యడిగెను. ఈ ప్రశ్నకును మా యొద్ద సిద్ధమైన జవాబు లేదు. ముఠావారును రైతులును కూర్చుండి మాటలాడగా, యంత్రమును ముఠాయే అద్దెకు తీసికొని యెకరమునకింత యని గుత్తకు చేయుట మేలని తేలెను. ఆ పంట యట్లే జరిగెను. "నొప్పి పోలేదు గాని, సాయంకాలము గట్టు నేనే యెక్కుచున్నాను. ఈ కర్ర ఇంకొక జానెడు పొడవైన బాగుండును" అని యామె పిదప చెప్పెను. కర్ర మార్పించితిమి.

కావున సభ్యులకు మా విన్నపము. వచ్చు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములను ఆలోచింపుడు. నాలుగు వీడర్లను సంఘము కొని ముఠాలకు స్వల్పపు అద్దెకిచ్చుట. గిడ్డంగిలో ధాన్యమును 40 కిలోల సంచులలో స్వీకరించుట. గిడ్డంగి గుమ్మమున బండి యెత్తునకు సరియగు అరుగు కట్టించుట. పాత నొప్పి పూర్తిగా పోవునని మేము మాట ఇయ్యజాలము, మాది పోలేదు. కాని దానిని అదుపున నుంచి పని చేసికొనుచున్నాము. మన పిల్లల నడుములకైనను ఈ బాధ రాకుండ చూచుట మన చేతిలోని పనియే.